మా వీధిలో చెక్ మూలాలవాళ్లు ఎప్పుడో స్థిరపడ్డారు, అఫ్గాన్లు ఇంకా ఎందుకు అవస్థ పడుతున్నారు? (వియన్నా)

డాన్యూబ్_తీరం | పోస్టు 1

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. తొమ్మిదేళ్లుగా వియన్నాలో ఉంటున్నాం. పదో వార్డు ఫావొరిటెన్‌లో, క్వెల్లెన్ వీధికి రెండు సందుల అవతల మా ఇల్లు. ఒక మాట చాలా రోజులుగా మనసులో నలుగుతోంది. ఇక్కడ చరిత్ర తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని పెడుతున్నాను.

మా బిల్డింగు గేటు పక్కన కాలింగ్‌బెల్ బోర్డు ఉంది. అందులో పాత పేర్లు సగం చెక్ పేర్లే. నోవాక్, స్వోబోదా, ప్రొహాస్కా, ద్వోర్షాక్. ముత్తాతల కాలంలో బొహీమియా, మొరేవియాల (ఇప్పటి చెక్ దేశం) నుంచి కూలికొచ్చిన కుటుంబాలు ఇవి. ఇప్పుడు వాళ్లలో ఎవరికీ చెక్ భాష రాదు, అచ్చమైన వియన్నా వాళ్లు. కొత్త పేర్లలో టర్కీవి, సెర్బియావి ఉన్నాయి, అఫ్గాన్ పేర్లు రెండు. ఆ పక్కన మాది.

మూడో అంతస్తు పెద్దావిడ ట్రామ్‌ల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఎనభై దాటాయి. మొన్న లిఫ్టు దగ్గర అన్నారు: "మా తాతలు ఇటుకలు మోసి పైకొచ్చారు. మాకెవరూ ఊరికే పెట్టలేదు. వీళ్లకు ప్రభుత్వం అన్నీ ఇస్తోంది, అయినా ఎక్కడివాళ్లు అక్కడే."

వీళ్లు అంటే మా ఎదురింటివాళ్లు. అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ నుంచి వచ్చారు. ఆయన సైకిల్ మీద భోజనం పార్సిళ్లు వేస్తాడు. ఆవిడ అక్కడ మంత్రసాని, చదువుకుని ఉద్యోగం చేసిన మనిషి. ఇక్కడ ఆఫీసులు తుడుస్తోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు, మా పిల్లలు లేవకూడదని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతుంది. రెండు గదుల్లో ఆరుగురు. వాళ్ల రెండో పాప, మా అమ్మాయి ఒకే క్లాసు.

పెద్దావిడ మాటకు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆవిడ చెప్పింది నిజమేనా?

లెక్కల_మాస్టారు | పోస్టు 2

అమ్మా, ప్రశ్న మంచిదే గానీ తక్కెడ సరిగ్గా లేదు. ఒక పళ్లెంలో నాలుగో తరాన్ని పెట్టి, రెండో పళ్లెంలో నిన్న మొన్న దిగినవాళ్లను పెట్టారు. అలా తూస్తే ముల్లు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది.

చెక్ వాళ్లు వియన్నాకు వెల్లువగా వచ్చింది 1860 నుంచి 1910 దాకా. 1900 జనగణనలో ఆ నగరంలో రోజూ చెక్ మాట్లాడతామని రాయించుకున్నవాళ్లే 1,02,974 మంది. భయపడి జర్మన్ అని రాయించుకున్నవాళ్లు ఇంకెందరో. అఫ్గాన్ల సంగతి చూస్తే, 2015 మొదట్లో ఆస్ట్రియా మొత్తంలో 20 వేలు కూడా లేరు. ఆ ఒక్క ఏడాదే 88 వేల దాకా శరణార్థి దరఖాస్తులు వస్తే, అందులో 25 వేలకు పైగా అఫ్గాన్లవి. ఇప్పుడు దాదాపు 50 వేలు ఉంటారు, ఎక్కువమంది వియన్నాలోనే.

కాబట్టి 2025 అఫ్గాన్‌ను 1885 నాటికి వచ్చి పదేళ్లయిన చెక్ కూలీతో పోల్చాలి. పదేళ్లకు పదేళ్లు. అప్పుడు ఏం కనిపిస్తుందో చూడండి.

సీతమ్మధార | పోస్టు 3

మాస్టారూ, మీరు చెప్పిన తూకం ఒప్పుకుంటాను. కానీ కాలం ఒక్కటే తేడా అంటే ఒప్పుకోను. చెక్ వాళ్లది పక్క ఊరు, అదే రాజు, అదే మతం, దాదాపు అదే తిండి. మగవాళ్లతో పాటు ఆడవాళ్లు కూడా పనికి వచ్చారు. అఫ్గాన్ కుటుంబాల్లో ఆడవాళ్లలో ఉద్యోగం చేసేవాళ్లు చాలా తక్కువ, ఇది ఆస్ట్రియాలో ఎవరిని అడిగినా చెప్పే మాటే. ఒక జీతం మీద ఆరుగురు బతకాలంటే పేదరికం కాక ఏమవుతుంది? నేను ద్వేషంతో అనడం లేదు. మా అన్నయ్యా వదినా లింజ్‌లో ఉంటారు, చూసిందే చెబుతున్నాను.

బ్ర్నో_నుంచి | పోస్టు 4

నేను చెక్ దేశంలోని బ్ర్నోలో ఉంటాను, వియన్నాకు రైల్లో గంటన్నర. పని చరిత్ర శాఖలో. రాజమండ్రి అక్కా, మీ పేటలోనే జరిగిన కథ ఇది, కాస్త వివరంగా రాస్తాను.

మీ ఫావొరిటెన్‌లోనే దక్షిణాన వీనర్‌బర్గ్ గుట్ట ఉంది కదా. ఇప్పుడు చెరువు, పార్కు. ఆ చెరువు ఒకప్పటి మట్టి గుంత. వియన్నా రింగ్ రోడ్డు మీద ఈరోజు మనం ఫోటోలు దిగే మేడలు చాలావరకు అక్కడ కాల్చిన ఇటుకలతో లేచాయి. ఆ బట్టీల్లో పనిచేసినవాళ్లను ఊళ్లో వాళ్లు 'త్సీగెల్‌బేమ్' అనేవారు, అంటే ఇటుకల బొహీమియావాడు. తిట్టులాగే వాడేవారు.

1888 చివర్లో విక్టర్ ఆడ్లర్ అనే డాక్టర్ మారువేషంలో ఆ బట్టీల్లోకి దూరాడు. ఆయన కూడా ప్రాగ్‌లో పుట్టినవాడే. చూసిందంతా తన పత్రిక 'గ్లైఖ్‌హైట్'లో రాశాడు. కూలీలకు జీతం డబ్బుల్లో ఇవ్వడం లేదు, రేకు బిళ్లలు ఇస్తున్నారు. ఆ బిళ్లలు బట్టీ లోపలి క్యాంటీన్‌లో తప్ప ఎక్కడా చెల్లవు. అక్కడ సరుకు నాసి, ధర ఎక్కువ. బయట కొనుక్కుందామంటే చేతిలో రూపాయి ఉండదు. బిళ్లలతో జీతం ఇవ్వకూడదని అప్పటికే చట్టం ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఒకే గదిలో యాభై అరవై మంది పడుకునేవారు. ఆ మగవాళ్లందరి మధ్య ఒక మూల రెండు వారాల కిందట ఒక స్త్రీ ప్రసవించిందని ఆడ్లర్ రాశాడు. పత్రికను మరుసటి ఏడాదే ప్రభుత్వం మూయించింది.

ఇప్పుడు మీరు కూరగాయలు కొనుక్కునే విక్టర్ ఆడ్లర్ మార్కెట్ ఆ డాక్టర్ పేరు మీదే.

బట్టీ కూలీలు కాక దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, వంటమనుషులు, పిల్లల్ని చూసే ఆయాలు ఉండేవారు. కలిగిన ఇళ్లన్నిటిలో 'బొహీమియా వంటమనిషి' ఉండేది. వియన్నా వంటకాలని మనం తినే బుఖ్టెల్న్, పొవిడ్ల్‌టాషెర్ల్ వాళ్ల చేతివంటే. సీతమ్మధార గారు ఆడవాళ్లు పనిచేశారన్నారు, నిజమే. కానీ ఆ ఆయాలు, వంటమనుషులు ఎక్కువగా పెళ్లికాని పిల్లలు, వంటింటి పక్కన చీకటి గదిలో పడుకుని పద్నాలుగు గంటలు చాకిరీ చేసినవాళ్లు.

పాలమూరు_పిల్లోడు | పోస్టు 5

అక్కా, ఆ రేకు బిళ్లల ముచ్చట సదివినంక కడుపుల తిప్పినట్టయింది. మా తాత మేస్త్రీ ఎంట పోయి ప్రాజెక్టుల కాడ మట్టి మోసిండు. పాలమూరు లేబర్ అంటే తెల్వనోళ్లు లేరు గద. అడ్వాన్సు ఇచ్చి లారీల ఎక్కిచ్చేది, ఆడ బియ్యం, ఉప్పు, పప్పు మేస్త్రీ తానే తీస్కోవాలె, లెక్క ఆయనే రాస్కునేది. ఏడాదికి ఇంటికొచ్చేసరికి బాకీ తీరకపోయేది. బిళ్ల లేదు గని పద్ధతి అదే.

మరి ఆ పెద్దమ్మకు ఈ సంగతి తెలుసునా? "ఎవ్వలు ఊకె పెట్టలే" అన్నది కరెక్టే. కష్టానికి పైసలు గూడ ఇయ్యలే.

సీతమ్మధార | పోస్టు 6

చదివాను. మనసు కలిచివేసింది. అయినా నా మాట ఒకటి మిగిలే ఉంది. వాళ్లు పనిచేశారు. ఎంత హీనమైన పని అయినా చేశారు. 2015లో వచ్చిన కుర్రాళ్లు ఏళ్ల తరబడి ప్రభుత్వం ఇచ్చే భత్యం మీద ఉన్నారు. అదీగాక, అక్క ఉండే ఫావొరిటెన్‌లోనే రాయ్‌మన్‌ప్లాట్స్ కూడలి చుట్టూ 2024 మార్చిలో కత్తులు, ఆయుధాలు పట్టుకు తిరగకూడదని నిషేధ ప్రాంతం ప్రకటించారు. ఊరికే ప్రకటిస్తారా? అక్కడి మామూలు జనం భయం కూడా నిజమే కదా. దాని గురించి ఎవరైనా మాట్లాడండి.

గ్రాత్స్_గుంటూరు | పోస్టు 7

నేను మాట్లాడతాను. గ్రాత్స్‌లో ఉంటాను. 2016 నుంచి నాలుగేళ్లు శనివారాలు శరణార్థి కుర్రాళ్లకు జర్మన్ చెప్పాను. మనది కాని భాషను కష్టపడి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నాకు వాళ్ల తప్పులు బాగా అర్థమయ్యేవి.

భయం నిజమే, కాదనను. కుటుంబం లేకుండా ఒంటరిగా వచ్చిన పదహారు పదిహేడేళ్ల మగపిల్లలు వేల సంఖ్యలో ఒకచోట ఉంటే గొడవలు వస్తాయి. పోలీసు లెక్కల్లో అఫ్గాన్ కుర్రాళ్ల వాటా వాళ్ల జనాభాకు మించి ఉంది. దాచి లాభం లేదు. కానీ "పని చేయలేదు" అన్న దగ్గర ఆగండి సీతమ్మధార గారూ. పని చేయనివ్వలేదు.

ఆస్ట్రియాలో అప్పట్లో శరణు దరఖాస్తు తేలేదాకా ఉద్యోగం దాదాపు కుదిరేది కాదు. 2004 నుంచి వాళ్లకు పంట కోతలు, హోటల్ సీజను పనులు తప్ప పర్మిట్లు ఇవ్వకుండా ఒక మంత్రి ఉత్తర్వు ఉండేది. దాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2021లో గానీ కొట్టేయలేదు. దరఖాస్తు తేలడానికి రెండేళ్లు, మూడేళ్లు, అప్పీలుకెళ్తే అయిదేళ్లు. ఈలోగా ఒకే ఒక కిటికీ ఉండేది: మనుషులు దొరకని వృత్తుల్లో 25 ఏళ్లలోపు కుర్రాళ్లు 'లేరె' చేయవచ్చు. లేరె అంటే జీతమిస్తూ పని నేర్పే మూడేళ్ల శిక్షణ, ఇక్కడ వృత్తిపనికి అదే డిగ్రీ. 2018 సెప్టెంబరులో ఆ కిటికీ కూడా మూసేశారు.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఉండేవాడు. అఫ్గాన్‌లలో హజారా తెగవాడు, పుట్టింది ఇరాన్‌లో. కాగితాలు లేని అఫ్గాన్ పిల్లల్ని ఇరాన్ బడుల్లో చేర్చుకోవడం 2015 దాకా లేదు. కాబట్టి పదిహేడేళ్లకు ఆస్ట్రియాలో మొదటిసారి బల్ల మీద కూర్చున్నాడు. లాటిన్ అక్షరాలు ఎడమ నుంచి కుడికి రాయడం చేత్తో పట్టుకుని నేర్పాను. ఏడాదిన్నరలో ఒక కొండ ఊరి హోటల్లో వంటపని లేరెకు చేరాడు. చెక్క గరిటె ఎలా పట్టుకోవాలో, క్నోడెల్ అనే ఉండలు ఎంత సేపు ఉడకాలో నాకు ఫోన్ చేసి జర్మన్‌లో చెప్పేవాడు. రెండో ఏడు మధ్యలో దరఖాస్తు తిరస్కరించారు. హోటలాయన, ఊరి మేయరు, చర్చి ఫాదర్ ముగ్గురూ ఉత్తరాలు రాశారు. దేశమంతా అలాంటి కేసులు వందలు వచ్చి ఒక పెద్ద ఉద్యమమే నడిచింది. చివరికి 2019 డిసెంబరులో, చేరినవాళ్లు శిక్షణ పూర్తి చేసుకోవచ్చని చట్టం మార్చారు. అప్పటికి మావాడు ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

బట్టీ కూలీకి రేకు బిళ్ల అయినా పని ఉంది. వీళ్లకు మంచి వయసంతా ఎదురుచూపులోనే పోయింది. రెండూ అన్యాయమే, కానీ పైకి రావడానికి రెండోదే పెద్ద అడ్డు. ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను.

మోడరేటర్ | పోస్టు 8

చర్చ పద్ధతిగా సాగుతోంది, సంతోషం. రెండు వ్యాఖ్యలు తీసేశాను. మతం పేరుతో తిట్లకు ఇక్కడ చోటు లేదు.

బ్ర్నో_నుంచి | పోస్టు 9

సీతమ్మధార గారు "అదే రాజు" అన్నారు, అందుకని ఇంకో సంగతి చెప్పాలి. ఒకే సామ్రాజ్యం, ఒకే చక్రవర్తి, పాస్‌పోర్టు అక్కర్లేదు. అయినా వియన్నాలో చెక్ కూలీని వెళ్లగొట్టడానికి చట్టం ఉండేది.

దాన్ని హైమాట్‌రెఖ్ట్ అనేవారు, అంటే సొంతూరి హక్కు. ప్రతి మనిషికీ ఒక ఊరు. జబ్బుచేసినా, పని పోయినా, ముసలితనం వచ్చినా సాయం చేయాల్సింది ఆ ఊరే. వియన్నాలో ముప్పై ఏళ్లు చాకిరీ చేసినా, అక్కడే పిల్లల్ని కన్నా, కాగితం మీద ఊరు మొరేవియాలో ఎక్కడో ఉండేది. చేయి విరిగి పని ఆగిందంటే పోలీసులు పట్టుకెళ్లి ఆ ఊళ్లో దింపేవారు. అప్పటి భాషలో దాన్ని 'షుబ్' అనేవారు, తోసెయ్యడం అని అర్థం. పిల్లలు పుట్టి బుద్ధెరిగాక చూడని ఊరికి కుటుంబాలు అలా చేరేవి.

1896లో చట్టం మారింది, 1901 నుంచి అమల్లోకి వచ్చింది. పేదల సాయం తీసుకోకుండా పదేళ్లు ఒకచోట నివాసముంటే ఆ ఊరి హక్కు అడిగి తీసుకోవచ్చు. నన్నడిగితే వియన్నా చెక్ వాళ్ల బతుకు మలుపు తిరిగింది ఇక్కడే. జబ్బుచేస్తే తోసేయరు అన్న ధైర్యం ఉంటే గదా మనిషి ఇల్లు చూసుకునేది, పిల్లాణ్ణి పెద్ద బడికి పంపేది, సమ్మెలో నిలబడేది. 1895లో ఇటుక కూలీల పెద్ద సమ్మె జరిగింది. ఆదివారం సెలవు కావాలన్నది అందులో ఒక కోరిక.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వియన్నాలో సోషల్ డెమొక్రాట్లు గెలిచారు. ఆడామగా అందరికీ ఓటు వచ్చింది. నగరపాలక సంస్థ పదిహేనేళ్లలో 60 వేలకు పైగా ఇళ్లు కట్టి కూలినాలివాళ్లకు తక్కువ అద్దెకు ఇచ్చింది. అక్కా, రాయ్‌మన్‌ప్లాట్స్ పేరు ఆ పాలన మొదటి మేయరుదే. కాబట్టి మీ పెద్దావిడకు ఒక్కమాట మర్యాదగా చెప్పవచ్చు: మీవాళ్లకు ఊరికే పెట్టలేదు, నిజం, కానీ పోరాడి తెచ్చుకున్న ఇల్లూ ఓటూ దొరికాయి. ఇప్పటి అఫ్గాన్ కుటుంబానికి నగరపాలక ఇల్లు కావాలంటే ఒకే చిరునామాలో రెండేళ్లు నివాసం చూపించాలి. ప్రైవేటు ఇళ్లలో గడువు అద్దెలకు మారుతూ తిరిగేవాడికి అదే కష్టం.

దీనికి చెక్ వాళ్లు ఇచ్చుకున్న మూల్యం కూడా చెప్పకుండా ఉండలేను. 1897 నుంచి 1910 దాకా మేయరుగా ఉన్న కార్ల్ లూయెగర్ వియన్నా జర్మన్ నగరంగానే ఉండాలన్నాడు. పౌరసత్వం తీసుకునేవాళ్లతో నగరం జర్మన్ స్వభావాన్ని కాపాడతామని ప్రమాణం చేయించారు. చెక్ వాళ్లు తమ పిల్లల కోసం చందాలు వేసుకుని కొమెన్‌స్కీ సంఘం తరఫున 1883లో బడి పెట్టుకున్నారు. ఎక్కడనుకున్నారు? మీ క్వెల్లెన్ వీధిలోనే. దానికి ప్రభుత్వ గుర్తింపు కోసం ఏళ్ల తరబడి తిరిగారు. నాజీలు మూసేశారు. యుద్ధం తర్వాత మళ్లీ తెరుచుకుంది, మూడో వార్డులో ఇప్పటికీ నడుస్తోంది. కానీ అప్పటికే చాలా ఇళ్లలో భాష ఆరిపోయింది. చెక్ మాట్లాడితే చులకన అని తల్లులే పిల్లల దగ్గర మాట్లాడటం మానేశారు. 1918 తర్వాత లక్షకు పైగా జనం కొత్తగా ఏర్పడ్డ చెకొస్లొవేకియాకు తిరిగి వెళ్లిపోయారు కూడా. అంటే మనకిప్పుడు కనిపించే నోవాక్‌లు, స్వోబోదాలు వెళ్లకుండా మిగిలి, మాట మార్చుకున్నవాళ్లు. అందరూ పైకొచ్చారనడానికి లేదు. వెనుదిరిగినవాళ్లు మన లెక్కలోకి రావడం లేదు.

లెక్కల_మాస్టారు | పోస్టు 10

బ్ర్నో అమ్మాయి చెప్పిన చివరి మాట చాలా విలువైంది. మిగిలినవాళ్లను మాత్రమే లెక్కపెడితే సగటు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. బడిలో ముప్పై ఏళ్లు ఇదే చెప్పాను.

నేను ఒకటి చేరుస్తాను, ఇది సీతమ్మధార గారి పక్షానికి కాస్త బలం. బొహీమియా, మొరేవియాల్లో మరియా తెరీసా రాణి 1774లోనే అందరికీ బడి తప్పనిసరి చేసింది. అందువల్ల ఇటుక మోసే చెక్ కూలీ కూడా చాలావరకు చదవడం రాయడం వచ్చినవాడే. అదే కాలంలో అమెరికా వెళ్లిన చెక్ వాళ్లలో అక్షరం రానివాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అఫ్గానిస్తాన్‌లో 1978 నుంచి 2021 దాకా యుద్ధం ఆగలేదు. ఆడపిల్లల బడులు 1996లో మూశారు, తెరిచారు, 2021లో హైస్కూలు నుంచి మళ్లీ మూశారు. బయలుదేరేటప్పుడే ఇద్దరి చేతిలో ఉన్నది సమానం కాదు. దీన్ని సంస్కృతి అనడం తేలిక. నేను బడి అంటాను.

ఆరెంజ్_ఆర్మీ | పోస్టు 11

నేను వియన్నాలోనే, ఇరవై రెండో వార్డు. ఆదివారాలు క్లబ్ క్రికెట్ ఆడతాను. ఆస్ట్రియాలో క్రికెట్ అంటే పదిహేనేళ్ల కిందట ఇంగ్లీషువాళ్లు, మనవాళ్లు కొద్దిమంది. ఇప్పుడు మైదానం నిండా అఫ్గాన్ కుర్రాళ్లే. జాతీయ జట్టులో కూడా అఫ్గాన్ మూలాలున్నవాళ్లు చాలామంది. వియన్నా బయట జేబార్న్‌లో గ్రౌండు ఉంది, పొలాల మధ్యలో. అక్కడికి వెళ్తే జలాలాబాద్ నుంచి వచ్చినవాళ్లు రషీద్ ఖాన్‌ను మన హైదరాబాద్‌వాడిలాగే పలకరిస్తారు. అతను 2017 నుంచి 2021 దాకా సన్‌రైజర్స్‌కు ఆడాడు కదా. నేను హైదరాబాదీ అని తెలిసిన రోజు నుంచి నాకు టీ కొననివ్వరు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, చెక్ వాళ్లకూ ఆటే పెద్ద తలుపు తీసింది. మతియాస్ సిండెలార్ పేరు ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు వినే ఉంటారు. 1930ల ఆస్ట్రియా జట్టుకు ప్రాణం. 1903లో మొరేవియా పల్లెలో పుట్టాడు, చిన్నప్పుడే ఫావొరిటెన్ వచ్చారు. తండ్రి తాపీమేస్త్రీ, యుద్ధంలో పోయాడు. బట్టీల పక్కన బీడు భూముల్లో గుడ్డ బంతితో నేర్చుకున్న ఆట అది. అతను గోలు కొట్టినప్పుడు 'ఇటుకల బొహీమియావాడు' అని ఎవరూ అనలేదు. మా క్రికెట్ అఫ్గాన్ కుర్రాళ్ల సంగతి ఇంకా అంత దూరం రాలేదు. క్రికెట్ ఆస్ట్రియా జనానికి పట్టదు కాబట్టి ఎన్ని గెలిచినా పేపర్లో రాదు. అదే నా బాధ.

డాన్యూబ్_తీరం | పోస్టు 12

ఇంత వస్తుందనుకోలేదు. రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను. క్వెల్లెన్ వీధిలో చెక్ బడి సంగతి చదివి నిన్న సాయంత్రం మా పాపను తీసుకుని ఆ వైపు నడిచాను.

తర్వాత ఒకటి చేశాను. ఇటుకల మీద బట్టీ యజమాని హైన్‌రిఖ్ డ్రాషె పేరులోని పొడి అక్షరాలు అచ్చుగుద్ది ఉంటాయని విన్నాను. మా బిల్డింగు 1890ల నాటిది. కింద సెల్లార్‌లో ప్రతి ఇంటికీ చెక్క బద్దలతో ఒక కొట్టు ఉంటుంది. పెద్దావిడకు బొగ్గుల కాలం నాటి పాత కుర్చీ ఒకటి పైకి తేవాల్సి వస్తే సాయానికి వెళ్లాను. సున్నం రాలిపోయిన చోట ఫోన్ టార్చి వేసి చూశాను. మూడో వరసలో 'హెచ్ డి' అని కనిపించింది. అక్షరాల గుంతల్లో మట్టి నిండి ఉంది.

ఆవిడకు చూపించాను. కళ్లజోడు తెప్పించుకుని వంగి చూశారు. రేకు బిళ్లల గురించి అడిగితే తెలియదన్నారు. వాళ్ల నాయనమ్మ బట్టీలో మట్టి తోసేదని మాత్రం తెలుసట. నాయనమ్మ ఇంట్లో చెక్‌లో మాట్లాడితే వాళ్ల నాన్న "వీధి కిటికీ మూయి" అనేవాడట. ఆవిడకు మిగిలిన చెక్ మాటలు నాలుగు. మూడు తిండి పేర్లు, ఒకటి కిటికీ.

ఎదురింటివాళ్ల గురించి ఆవిడ అభిప్రాయం మారిందని చెప్పను. "అయినా వాళ్ల కుర్రాళ్లు పార్కులో అరుస్తారు" అన్నారు. కానీ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి అడిగారు: "ఆ అమ్మాయి ఆదివారం కూడా పనికి పోతోందే, దానికి వేరే డబ్బిస్తున్నారా?" ఆవిడ ముప్పై ఏళ్లు యూనియన్ మనిషి. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

సీతమ్మధార | పోస్టు 13

అక్కా, ఆ కిటికీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా పిల్లలతో నేను బస్సులో తెలుగు మాట్లాడితే వాళ్లూ గొంతు తగ్గిస్తారు.

నేను అన్నవాటిలో "పని చేయలేదు" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. ఆడవాళ్ల సంగతి మాత్రం వదలను. అది చట్టం ఒక్కదాని తప్పు కాదు, ఇంట్లో మగవాళ్లు కూడా మారాలి. మీ ఎదురింటావిడలాంటి మంత్రసాని ఆఫీసులు తుడవడం చూస్తే కోపం వస్తోంది. దానికి దారి ఏదీ లేదా?

గ్రాత్స్_గుంటూరు | పోస్టు 14

ఉంది సీతమ్మధార గారూ, కాస్త పొడుగు దారి. మంత్రసాని చదువు ఇక్కడ చెల్లాలంటే 'నోస్ట్రిఫికేషన్' చేయించుకోవాలి. వాళ్ల సిలబస్‌తో పోల్చి, తక్కువైన సబ్జెక్టులకు పరీక్షలు, ఆసుపత్రిలో ప్రాక్టికల్స్ పెడతారు. జర్మన్ బాగా రావాలి. సర్టిఫికెట్లు పోగొట్టుకుని వచ్చిన శరణార్థుల కోసం 2016 చట్టంలో ప్రత్యేక వెసులుబాటు పెట్టారు, కాగితం లేకపోయినా చదువు వేరే విధంగా రుజువు చేసుకోవచ్చు. వియన్నాలో ఈ గుర్తింపు సలహా ఉచితంగా ఇచ్చే కేంద్రం ఉంది, చాలా భాషల్లో మాట్లాడతారు. వెళ్లమని చెప్పండి.

ఇంకో విషయం. 2024 అక్టోబరు 4న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, ఆస్ట్రియా నుంచి వెళ్లిన కేసులోనే, అఫ్గాన్ స్త్రీకి శరణు ఇవ్వడానికి ఆమె స్త్రీ కావడం, అఫ్గాన్ కావడం చాలని తీర్పు చెప్పింది. ఆవిడకు ఇప్పుడున్నది ఏ రకం అనుమతో కనుక్కోండి. 'సబ్సిడియరీ' రక్షణ (పూర్తి శరణు కన్నా ఒక మెట్టు కింద, గడువుతో ఇచ్చేది) అయితే మొదట ఏడాదికి, తర్వాత రెండేళ్లకోసారి పొడిగించుకుంటూ తిరగాలి. పూర్తి శరణుకు మళ్లీ దరఖాస్తు చేయవచ్చా అని వకీలును అడగాలి. పౌరసత్వానికైతే మామూలుగా పదేళ్లు, జర్మన్ బీ2 స్థాయి ఉంటే ఆరేళ్లు. ఆపైన ఆదాయం. గత ఆరేళ్లలో మూడేళ్లయినా సాయం లేకుండా బతికినట్టు లెక్క చూపాలి. నలుగురు పిల్లలతో ఆఫీసులు తుడిచే జీతానికి ఆ గీత చాలా ఎత్తు. బ్ర్నో అక్క చెప్పిన, 1901లో అమలైన చట్టానికి పేదల సాయం లేకుండా పదేళ్ల నివాసం చాలింది, ఇక్కడ దాని మీద సంపాదన లెక్క కూడా అడుగుతున్నారు.

ఆదివారం డబ్బుల సంగతికి ఆర్బైటర్‌కామర్, అంటే ఉద్యోగుల మండలికి వెళ్లండి. ఉద్యోగం చేసేవాళ్లు దాదాపు అందరూ అందులో సభ్యులే, జీతం నుంచే చందా కోతపడుతుంది. పే స్లిప్పులు ఉచితంగా చూసి, తక్కువిచ్చి ఉంటే యజమానికి ఉత్తరం రాస్తారు.

పాలమూరు_పిల్లోడు | పోస్టు 15

జల్ది పోండ్రి అక్కా. పాత బాకీ అడగనీకి గడువు ఉంటది, దాటితే ఒక్క పైస రాదు. మా తాతకు ఎవ్వలు చెప్పలే.

డాన్యూబ్_తీరం | పోస్టు 16

అడిగాను తమ్ముడూ. మొదట భయపడింది, పని పోతుందేమోనని. వాళ్లాయనే "వెళ్లు" అన్నాడు. ఆ పూట పిల్లల్ని తాను చూసుకుంటానన్నాడు.

హెరాత్ చదువు కాగితాలు ఏవీ లేవు. పాత ఫోనులో ఆసుపత్రి గుర్తింపు కార్డు ఫోటో ఒకటుంది, స్క్రీను పగిలినా అక్షరాలు కనిపిస్తున్నాయి. దాన్ని నా ఫోనుకు, మెయిలుకు పంపించి పెట్టాను.

పే స్లిప్పులు మాత్రం పద్నాలుగు నెలలవి ఒక్కటి పోకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకుంది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ప్రింజ్ ఓయ్‌గెన్ వీధిలో ఆర్బైటర్‌కామర్ ఆఫీసుకు వెళ్తున్నాం. పెద్దావిడ కూడా వస్తానంటున్నారు. ఆ ఆఫీసులో ఏ కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకోవాలో ఆవిడకు తెలుసట.